కేటీలో బయూ పక్కన ఇల్లు కొనొచ్చా? హార్వీ చూసినవాళ్ళు చెప్పండి

కదిరి_అమ్మాయి

నమస్తే అండీ. హ్యూస్టన్‌లో చాలాకాలంగా ఉన్నవాళ్ళు, ముఖ్యంగా 2017లో హార్వీ తుఫాను చూసినవాళ్ళు కాస్త సలహా ఇవ్వండి.

మాది కదిరి వైపు. మా ఊళ్ళో వంక అంటే ఏడాదిలో నాలుగు రోజులు పారుతుంది, మిగతా రోజులు ఇసుకే. అలాంటి చోట పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నీళ్ళు కనిపిస్తే చాలు, నా కాళ్ళు ఆగిపోతాయి. పోయినేడు మా వారి ఉద్యోగం మారి డాలస్ నుంచి ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు హ్యూస్టన్‌కి పడమటనున్న కేటీ వైపు ఇల్లు చూస్తున్నాం. ఒకటి బాగా నచ్చింది. తూర్పు ముఖం, నాలుగు గదులు, పిల్లల బడి దగ్గర. వెనక చెక్క కంచె, కంచె దాటితే గడ్డి గట్టు, గట్టు దిగితే నీళ్ళు. ఏజెంటు దాన్ని క్రీక్ అన్నారు. పక్కింటి పెద్దాయన బయూ అన్నారు, మెల్లగా పారే ఏటిని ఇక్కడ అలా అంటారట. పోయి హ్యూస్టన్ నగరం మధ్య నుంచి పారే బఫెలో బయూలోనే కలుస్తుందట.

శనివారం సాయంత్రం రెండోసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ గట్టు మీద అరగంట కూర్చున్నాను. నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. అవతలి ఒడ్డున ఒక తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఒక ఎండుటాకు వచ్చి నీళ్ళ మీద పడితే, ఎటు పోతుందో చూద్దామని దాన్నే చూస్తూ కూర్చున్నా. పావుగంటలో రెండు బారలు కూడా జరగలేదు. మధ్యలో గాలి వీస్తే వెనక్కి కూడా వచ్చింది. ఇంత నెమ్మదైన నీళ్ళు ఎవరికి ఏం కీడు చేస్తాయి అనిపించింది.

ఆ నీళ్ళని వీడియో తీసి అమ్మకి పంపాను. "నీళ్ళు బాగానే ఉన్నాయి గానీ, అవి ఎటు పోతాయో ఎవర్నైనా అడిగినావా?" అంది. ఏజెంటుని అడిగితే "ఇది ఎక్స్ జోన్, అంటే వరద పటంలో ముప్పు తక్కువని గుర్తించిన చోటు, ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదు, పైగా కాలువకి ఇల్లు 300 అడుగుల దూరం" అన్నారు. అమ్మ అడిగినదానికి అది జవాబు కాదనిపించి అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు.

ఇంకో అనుమానం. ఇంటికి తూర్పున దగ్గర్లోనే బార్కర్ రిజర్వాయర్ అని మ్యాపులో ఉంది. వెళ్ళి చూస్తే చుక్క నీరు లేదు. చెట్లు, ఆటస్థలాలు, సైకిల్ దారులు. మరి దాన్ని రిజర్వాయర్ అని ఎందుకంటున్నారు? గురువారంలోగా ఆఫర్ పెట్టాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది.

ఏటిగట్టు

అమ్మా, మీ అమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న. దానికి జవాబు దొరికే వరకు సంతకం పెట్టకండి.

నేను హ్యూస్టన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. డ్రైనేజీ డిజైన్ నా వృత్తి. పుట్టింది మాత్రం కైకలూరు దగ్గర, కొల్లేటి లంకలో. అందుకని బల్లపరుపు నేల మీద నీళ్ళు ఎలా నడుస్తాయో నాకు చదువు కంటే ముందు ఇంట్లోనే తెలిసింది.

ముందు ఆ 300 అడుగుల సంగతి. కొండ వాగు పక్కన ఇల్లయితే దూరం చూడాలి. పల్లపు నేలలో దూరం ఎందుకూ పనికిరాదు, ఎత్తు చూడాలి. హ్యూస్టన్ నడిబొడ్డు సముద్రమట్టానికి 50 అడుగుల ఎత్తులో ఉంది. మెక్సికో గల్ఫ్ సముద్రం ఇంచుమించు 50 మైళ్ళ దూరం. అంటే మైలుకి ఒక్క అడుగు వాలు. మన స్నానాలగదిలో నీళ్ళు తూము వైపు పోవడానికి మేస్త్రి పెట్టే వాలు దీనికి వంద రెట్లుంటుంది. మీరు చూసిన ఆకు కదలకపోవడానికి కారణం అదే. ఆ నీటికి పోవడానికి దారి ఉంది కానీ పల్లం లేదు. "నీరు పల్లమెరుగు" అంటారు మనవాళ్ళు. ఇక్కడ పల్లాన్ని వెతుక్కోవడానికే దానికి రోజులు పడుతుంది.

దీనికి తోడు అడుగున మట్టి. మన నల్లరేగడి లాంటి బంకమట్టి ఇది. ఎండితే నెర్రెలిస్తుంది, ఒకసారి తడిసి ఉబ్బిందంటే మరి చుక్క ఇంకనివ్వదు. వాన గట్టిగా పడితే రోడ్ల మీది నీరంతా నిమిషాల్లో బయూలోకి చేరుతుంది. బయటికి పోవడం మాత్రం దాని నడకనే. అందుకని ఆ నీరు ముందుకి పరుగెత్తదు, పైకి లేస్తుంది. గట్టు అంచు దాటాక పక్కలకి పరుచుకుంటుంది. పరుచుకోవడం మొదలుపెడితే మీ 300 అడుగులు ఎంతసేపు?

కొల్లేటితో పోల్చి చెప్తాను. ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, అభయారణ్యంగా ప్రకటించిన భాగం 308 చదరపు కిలోమీటర్లు. అదే నీటిమట్టం పదో కాంటూరుకి లేస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు ఆక్రమిస్తుంది. నీరు లేచింది మనిషి ఎత్తు కంటే తక్కువ, మునిగింది మూడింతల నేల. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు తెచ్చి పోసే నీటికి సముద్రంలోకి దారి ఒక్క ఉప్పుటేరే. అది కూడా నడిచే ఏరు కాదు, పాకే ఏరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్ళు నిలిచిన సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. మా లంకల్లో పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు పొలం ఎన్నెకరాలని అడిగే ముందు ఏ కాంటూరులో ఉందని అడుగుతారు. ఇక్కడ కోట్ల విలువ చేసే ఇల్లు కొంటూ ఆ మాట ఎవరూ అడగరు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఇక బార్కర్. 1929లోనూ 1935లోనూ బఫెలో బయూ పొంగి నగరాన్ని ముంచింది. దాంతో ఆర్మీ ఇంజినీర్లు నగరానికి పడమట, అప్పట్లో ఊరికి దూరంగా ఉన్న గడ్డి మైదానంలో రెండు మట్టికట్టలు కట్టారు. బార్కర్ 1945లో, ఆడిక్స్ 1948లో పూర్తయ్యాయి. మన శ్రీశైలం, సాగర్‌లాగా నీళ్ళు నిలవ చేసుకోవడానికి కట్టినవి కావు ఇవి. మామూలు రోజుల్లో ఖాళీగా ఉండాలి. అందుకే మీకు సైకిల్ దారులు కనిపించాయి. పెద్ద వాన వస్తే గేట్లు దించుతారు, దిగువన నగరం మునగకుండా నీరు అక్కడే ఆగుతుంది. ఆగిన నీరు ఏ వైపు పేరుకుంటుంది? కట్టకి పైవైపు, పడమటికి. మీరు చూసిన ఇల్లు ఆ వైపే ఉంది తల్లీ. మీ వెనక పాయ మామూలప్పుడు రిజర్వాయర్‌లోకి పోతుంది. రిజర్వాయర్ నిండితే అదే పాయ వెంట నీరు మీ వైపుకి వస్తుంది. మీ అమ్మగారి ప్రశ్నకి జవాబు ఇదే: ఎటు పోతాయన్నది ఆ రోజు బట్టి ఉంటుంది.

బార్కర్‌లో ప్రభుత్వం కొని పెట్టుకున్న భూమి 95 అడుగుల ఎత్తు వరకే. హార్వీ అప్పుడు నీరు 101 అడుగులు దాటింది. ఈ రెండు అంకెల మధ్య నేలంతా ఇళ్ళే. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని కాలనీల ప్లాటు పటం మీద, ఈ స్థలం రిజర్వాయర్ పక్కన ఉంది, నీటిలో ఉంచబడే అవకాశం ఉంది అని చిన్న అక్షరాల్లో రాసి ఉండేది. కొన్నవాళ్ళలో ఎంతమంది ఆ పటం తెరిచి చూస్తారు? తర్వాత అది కోర్టుకెళ్ళింది. పైవైపు ఇళ్ళు మునగడానికి కేంద్ర ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2019 డిసెంబరులో తీర్పు వచ్చింది.

అదే ఏడాది టెక్సాస్‌లో చట్టం కూడా మారింది. ఇల్లు అమ్మేవాళ్ళు గతంలో నీళ్ళొచ్చాయా లేదా, ఇల్లు రిజర్వాయర్ ముంపు పరిధిలో ఉందా లేదా అన్నది డిస్‌క్లోజర్ కాగితంలో రాసివ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకుని వరద గురించిన గడులు మీరే స్వయంగా చదవండి. ఏజెంటుని చదివి వినిపించమనకండి. దాంతో పాటు ఎలివేషన్ సర్టిఫికెట్ అడగండి. ఇంటి నేల, అంటే స్లాబు పైభాగం, ఎన్ని అడుగుల మీదుందో అందులో ఉంటుంది. ఆ అంకె పక్కన 101 వేసి చూసుకోండి. అంతకు మించిన లెక్క లేదు.

ఎక్స్ జోన్ అన్న మాట నమ్మి ఊరుకోవద్దు. హార్వీలో ఈ హారిస్ కౌంటీలో 1,54,000 పైచిలుకు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. వాటిలో మూడింట రెండు వంతులు వందేళ్ళ వరద గీతకి బయట ఉన్నవే. వందేళ్ళ వరద అంటే వందేళ్ళకోసారి అని కాదు, ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని. ముప్పై ఏళ్ళ లోను మీద లెక్కేస్తే ఆ గీత మీదున్న ఇంటికి కనీసం ఒకసారి నీళ్ళొచ్చే అవకాశం నాలుగో వంతుకి పైనే. ఇల్లు ఎక్కడ కొన్నా ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. గీత బయట ఉన్న ఇళ్ళకి ప్రీమియం సాధారణంగా తక్కువే. అయితే మామూలుగా ప్రభుత్వ పాలసీ కట్టిన 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. తుఫాను గల్ఫ్‌లోకి వచ్చాక పరుగెత్తి లాభం లేదు.

మెయర్‌లాండ్_వదిన

ఏటిగట్టు గారు లెక్కలన్నీ చెప్పేశారు. నేను చూసింది చెప్తాను చెల్లీ.

మేం అప్పట్లో బ్రేస్ బయూకి నాలుగు వీధుల అవతల అద్దెకుండేవాళ్ళం. బ్రేస్ అంటే మీరు చూసినట్టు చెట్లూ కొంగలూ ఉన్న బయూ కాదు, చాలామేరకు సిమెంటు చేసిన వెడల్పాటి కాలువ. సిమెంటు వేశారు కదా, నీరు గబగబా పోతుందనుకున్నాం. ఆ చుట్టుపక్కల 2015 మే నెలలో నీళ్ళొచ్చాయి, 2016 ఏప్రిల్‌లో వచ్చాయి. మా వీధిలోకి మాత్రం రాలేదు కాబట్టి ధైర్యంగా ఉన్నాం.

2017 ఆగస్టు 26, శనివారం. సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చింది. గండం గడిచిందని పప్పుచారు పెట్టుకుని తిని పడుకున్నాం. రాత్రి ఒంటిగంటప్పుడు బాత్రూంలో కమోడ్ గుడగుడలాడుతున్న చప్పుడుకి లేచాను. కిటికీలోంచి చూస్తే వీధి దీపం వెలుగులో, వీధి మూల తూములోంచి నీళ్ళు బుగ్గలాగా పైకి ఉబుకుతున్నాయి. అప్పటిదాకా నీళ్ళు తూములోకి పోవడమే చూశాను, తూములోంచి రావడం అదే మొదలు. పొంగు లేదు, హోరు లేదు. పచ్చిక మీద గడ్డి కొనలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. అరగంటకి తలుపు కింద నుంచి సన్నగా తడి గీత లోపలికి వచ్చింది, గచ్చు మీద పాలు ఒలికినట్టు.

తెల్లవారేసరికి మోకాళ్ళు దాటింది. ఫ్రిజ్ తేలి వాలిపోయింది. అమ్మ ఇండియా నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ మూత గట్టిగా కట్టి ఉండటంతో మునగకుండా హాల్లో అలా తిరుగుతూ ఉంది. బయట ఎర్రచీమలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలాగా తేలుతూ వచ్చాయి. ముట్టుకోవద్దని మా వారు అరుస్తున్నారు, పిల్లాడేమో బంతి అనుకుని చెయ్యి చాపాడు. అది ఇప్పటికీ కల్లోకి వస్తుంది. పడవల వాళ్ళు వచ్చి తీసుకెళ్ళే వరకు పై అంతస్తులో ముక్కూ మొహం తెలియని కుటుంబం మాకు చోటిచ్చింది, తమ పిల్లల బట్టలు మా వాడికి తొడిగింది.

నీళ్ళు తీశాక అసలు పని. గోడలకి నాలుగడుగుల ఎత్తు వరకు షీట్‌రాక్, అంటే గోడ పలకలు, కోసి బయట పడేయాలి. లోపలి దూది తడిసి కుళ్ళిన వాసన ఎన్ని నెలలైనా ముక్కులోంచి పోదు. వీధి పొడవునా ప్రతి ఇంటి ముందూ పరుపులూ పుస్తకాలూ పెళ్ళి ఆల్బములూ కుప్ప.

అయినా నేను బయూని వదల్లేదు. ఇప్పటికీ బ్రేస్ పక్కనే ఉంటున్నాం, ఎత్తు మీద కట్టిన ఇంట్లో, రెండో అంతస్తులో. రోజూ పొద్దున గట్టు మీద నడుస్తాను. సాయంత్రం పూట వీలైతే ఒకసారి వా డ్రైవ్ వంతెన దగ్గరికి వెళ్ళండి, బఫెలో బయూ మీద. చీకటి పడే వేళకి వంతెన సందుల్లోంచి గబ్బిలాలు గుంపులుగా పొగలాగా లేస్తాయి. నీళ్ళ అందం చూడాలంటే నీళ్ళ పక్కనే కొనక్కర్లేదు చెల్లీ.

కోనసీమ_లఫాయెట్

నేను పక్క రాష్ట్రం లూసియానా నుంచి. ఇక్కడ చదువుకుంటున్నాను. ఒక్క విషయం కలుపుతాను, ఎందుకంటే మీ మాటలు చదివి మా వైపు ఇల్లు కొనేవాళ్ళు తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదముంది.

బయూ అన్న మాట చాక్టా అనే స్థానిక జాతి భాషది. ఫ్రెంచి వాళ్ళ నోట పడి ఇలా అయింది. కానీ హ్యూస్టన్ బయూ, మా బయూ పేరుకే ఒకటి. మీవి మైదానంలో పడిన వాన నీటిని మోసే కాలువలు. మావి చాలావరకు పెద్ద నది వదిలేసిన పాయలు. మా దగ్గర బయూ టెష్ వేల ఏళ్ళ కిందట మిసిసిపీ నది నడిచిన దారి. బయూ లఫూర్ష్ కూడా మిసిసిపీ పాయే, 1904లో అది నది నుంచి చీలే చోట కట్ట వేసి విడగొట్టారు.

నది పొంగినప్పుడల్లా ఒండ్రు ముందు ఒడ్డునే పడుతుంది. బరువైన ఇసుక దగ్గరగా, సన్నటి బురద దూరంగా. అలా వేల ఏళ్ళకి ఒడ్డే మెరక అవుతుంది, వెనక పల్లం అవుతుంది. అందుకని ఇక్కడ పాత ఇళ్ళు, చెరుకు తోటలు, చర్చిలు అన్నీ బయూని ఆనుకునే ఉంటాయి. బయూకి దూరం జరిగేకొద్దీ సైప్రస్ చెట్ల చిత్తడిలోకి దిగుతాం. మాది కోనసీమ. మా దగ్గర కూడా అంతే కదా, పాత ఊళ్ళు గోదావరి పాయల గట్ల మీద మెరకలో, వరి చేలు వెనక పల్లంలో. మొదటిసారి టెష్ పక్కన కారులో పోతుంటే వైనతేయ గట్టు మీద పోతున్నట్టే అనిపించి గొంతు పట్టేసింది.

కాబట్టి పక్కా దూరమా అన్నది కాదు, ఏటిగట్టు గారన్నట్టు ఎత్తే చూడాలి. ఒక్కోచోట నీళ్ళ పక్కదే ఎత్తు.

కదిరి_అమ్మాయి

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇక్కడ రాసిన ప్రతి మాటా మా వారికి చదివి వినిపించాను.

డిస్‌క్లోజర్ కాగితం తెప్పించుకున్నాం. ముంపు పరిధి అన్న గడిలో "అవును" అని టిక్కు పెట్టి ఉంది. గతంలో నీళ్ళొచ్చాయా అన్నచోట కూడా "అవును". స్లాబు 98 అడుగుల మీదుంది. 101లోంచి 98 తీసేస్తే మూడడుగులు. మా చిన్నదాని ఎత్తు మూడడుగుల రెండంగుళాలు. ఆ లెక్క వేసుకున్నాక ఇంక మాట్లాడుకోవడానికేం మిగల్లేదు. ఆఫర్ పెట్టలేదు.

మంగళవారం ఇక్కడ ఓ మోస్తరు వాన పడింది. వెళ్ళక్కర్లేదు గానీ, ఆగలేక ఒక్కసారి వెళ్ళి చూశాను. పోయిన శనివారం నేను చెప్పులు విడిచి కూర్చున్న చోటు నీళ్ళలో ఉంది. అలలు లేవు, చప్పుడు లేదు. గడ్డి పరకలు నిలువుగా నిలబడి నీళ్ళలోంచి కనిపిస్తున్నాయి. వదినా, మీరు రాసిన గడ్డి కొనలు గుర్తొచ్చి అక్కడ నిలబడలేకపోయాను.

ఇప్పుడు ఇంకా పడమటికి, కేటీ పాత ఊరి వైపు ఒకటి చూస్తున్నాం. నేల 138 అడుగులని ఉంది. వెనక నీళ్ళు లేవు. కాలనీ చివర ఒక తవ్విన చెరువుంది, డిటెన్షన్ పాండ్ అంటున్నారు. దానివల్ల ఏమైనా ఇబ్బందా ఏటిగట్టు గారూ?

ఏటిగట్టు

మంచి పని చేశారమ్మా. 138 అయితే బార్కర్ గొడవ మీకు లేదు. ఆ చెరువు కాలనీలో పడిన వాన నీటిని కాసేపు ఆపి మెల్లగా వదలడానికి తవ్వినది, ఉండటం మంచిదే. రెండు చూడండి. ఇంటి స్లాబు ఎదురుగా ఉన్న రోడ్డు కంటే ఎంత ఎత్తుందో చూడండి, అడుగున్నర ఉంటే నాకు తృప్తి. రెండోది, చెరువు నిండితే పొర్లి పోయే తూము ఎటు ఉందో చూడండి. అది మీ వీధి వైపు తిరిగి ఉండకూడదు. ఇంకో వాన పడిన రోజు వెళ్ళి, వాన వెలిసిన గంటకి వీధిలో నీళ్ళెంత ఉన్నాయో ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.

ఇన్సూరెన్స్ మాత్రం అక్కడ కూడా తీసుకోండి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.